రాత్రి పదకొండు పదికి నేను

ధర్మాబాద్ మిర్చి అడ్తిల
పదకొండేండ్లు తొడిమెలు తీసిన వేళ్ళు నావి.
ఇప్పుడవి కంప్యూటర్ మీటల మీద నడుస్తున్నయి,
ఇంకా మండుకుంటనే.

ఆ పెట్టెకు తాళం ఉంటదని నాకు ముందు తెల్వది.
ఉన్న తాళం కూడా అందరిదీ.
తెర అంచుకు పసుపు చీటీ, దాని మీద సెలోటేపు,
సేటు చేతిరాత: మిర్చి, ఒకటి, రెండు, మూడు.
చాయ్ తెచ్చే పోరనికి వచ్చు.
హమాలీ మారుతికి వచ్చు.
కాటా కాడ నిలబడే సేటు బామ్మర్దికి
కండ్లు మూసుకున్నా వచ్చు.

హోలీ ముంగట లెక్కలు తీస్తే
రుక్మబాయి నలభై రోజుల కూలి
ముప్పై ఒకటైంది.
తొమ్మిది రోజులు ఏ గోనెల పడ్డయో.
ఆమె నన్నేమీ అనలే.
కొంగుముడి విప్పి, రోజుకొకటి దాచిన తొడిమెలు
బల్ల మీద పోసింది.
నలభై.

ఎవరు మార్చిన్రని పెట్టెను అడిగితే
అది ఉన్నదున్నట్టే చెప్పింది:
గంగామణి. రాత్రి పదకొండు పది.

పదకొండు పదికి నేను
రైలు గేటు అవతల మా ఇంట్ల
చిన్నదానికి జరమొస్తే తడిగుడ్డ వేస్తున్న.
అదే గడియల ఇక్కడ
నా పేరు తొడుక్కొని
ఎవరో నా కుర్చీల కూసున్నరు.
ఆరేసిన చీర పోతే దొంగతనమంటం.
పేరు పోయి, మల్ల పొద్దుగాలకు
ఉన్నకాడనే ఉంటే ఏమంటం?

దేగ్లూర్ నుంచి మెకానిక్ పిలగాడు శ్రీపతి వచ్చిండు.
వేలు పెట్టక్కా, వేలిముద్రనే తాళం, అన్నడు.
పెట్టిన. మల్ల పెట్టిన. కొంగుకు తుడిచి పెట్టిన.
పెట్టె నన్ను గుర్తువట్టలే.
కారం తిన్న గీతలు,
రేషన్ దుకాణంల కూడా ఇదే కథ.
రుక్మబాయి తన బొటనవేలు వెలుగుకు పట్టి చూసుకొని
నవ్వింది: మనం ఎవ్వలం కామే పిల్లా.

గట్లయితే మాటలే పెట్టాలె అన్నడు శ్రీపతి.
పొడుగ్గ పెట్టు. బిడ్డ పేరొద్దు, పెండ్లి తారీఖొద్దు,
దేవుని పేరు అస్సలొద్దు, అందరూ అదే పెడ్తరు.

రాత్రంత వెతికిన.
సరిహద్దు ఊర్ల మాటలకు కరువా?
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
బజార్ల రెండూ కాని ఇంకొకటి.
ఇంగ్లీషు మీటల మీద మా అవ్వ తిట్టొకటి పెట్టిన,
పక్కన మరాఠీ లెక్కొకటి,
నడుమ మా మేక పేరు. దానికి పేరున్నదని
నాకూ మేకకే ఎరుక.
ఇదంతా నిజమని నమ్మేరు.
తాళం సంగతి చెప్పేటప్పుడు
కొంచెం అబద్ధం కలపాల్నంట.

కొత్తల నాలుగుసార్లు తప్పు కొట్టిన.
పెట్టె నన్ను బయటనే నిలబెట్టింది.
కోపం రాలే. నన్నే రానియ్యనిది
ఇంకెవర్ని రానిస్తది?

ఇప్పుడు మనిషికొక పేరు, పేరుకొక తాళం.
బామ్మర్దికి సుత వేరే పెట్టించిన,
ఆయన ఏం దిద్దినా ఆయన పేరే పడ్తది.
మంచినీళ్లకు లేచినా
కిటికీ బొమ్మ మీట, ఎల్ మీట కలిపి నొక్కుత.
తెర మూతపడ్తది.
సేటు నవ్వుతడు:
ఘరాత్ చోర్ ఆహేత్ కా, గంగామణి?
బామ్మర్ది మాత్రం నవ్వడు.

తొమ్మిది రోజుల కూలి తిరిగొచ్చింది.
ఆ రాత్రి లెక్క పక్కన
ఇప్పటికీ నా పేరే ఉన్నది.

పొద్దుగాల షట్టర్ లేపంగనే ఘాటు ముక్కుకు కొడ్తది.
తుమ్ముకుంటనే మీటలు నొక్కుత.
తెర మీద నల్ల చుక్కలు ఒక్కొక్కటే పుడ్తయి,
ఎన్నో చెప్ప.
గీత కలిపేది నేనొక్కదాన్నే.

రుక్మబాయి గడప కాడ కూసొని తట్ట ముందటేసుకుంటది.
నా రోజులెన్నైనయని ఇప్పుడు అడగది.
అయినా పొద్దుగూకంగ లేచేటప్పుడు
కొంగుల
ఒక తొడిమె ముడేసుకుంటది.